గ్రహణం పూట మామ్మగారి ఫోటో

చంద్రుణ్ణి మామూలు కెమెరాతో తీసిన ప్రతివాడికీ మొదట కలిగేది నిరాశే. కంటికి అంత పెద్దగా కనిపించినవాడు ఫిల్ము మీద గసగసాల గింజంత పడతాడు. నేను మొదటిసారి తీసినప్పుడు ఆ చుక్కను దుమ్మనుకుని మెత్తటి గుడ్డతో తుడవబోయాను కూడా.

అప్పట్లో నేను జగ్గయ్యపేటలో సైన్సు మాస్టర్ని. డెబ్బైల మొదట్లో ఉద్యోగం వచ్చింది. ఇంకా పెళ్లి కాలేదు. కిరాణా హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒక షావుకారు గారింట్లో మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. గది ముందంతా డాబా. కింద షావుకారు గారు, ఆయన భార్య, తల్లి ఉండేవారు. పిల్లలు చదువులకు బెజవాడలో ఉన్నారు. తల్లిని వీధి వీధంతా మామ్మగారనే పిలిచేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. డెబ్బై దాటిన మనిషి. తెల్ల చీర, చెవులకు తెగిపోయినంత పెద్ద రంధ్రాలు, గట్టి గొంతు. నేను స్కూలుకు బయల్దేరుతుంటే అరుగు మీద నుంచి, చొక్కా మీద సుద్దపొడి దులుపుకోమనో, ఆదివారం పూట తలంటుకోమనో ఏదో ఒకటి చెప్పేది.

కెమెరా నేను కొన్నది కాదు. మిలట్రీలో పనిచేసి వచ్చిన మా మేనమామ వాడి వాడి నాకిచ్చేశాడు. ముందువైపు రెండు కళ్లున్న పెట్టె అది. మెడలో వేసుకుని, పైనుంచి తల వంచి అందులోకి చూడాలి. దానికొక గుణం ఉంది. కొత్త కెమెరాలు ఒకసారి నొక్కాక ఫిల్ము తిప్పితే గాని రెండోసారి నొక్కనివ్వవు. దీనికి ఆ అడ్డు లేదు. తిప్పకుండా ఎన్నిసార్లు నొక్కితే అన్ని బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. మా మేనమామ అది లోపమని చెప్పి ఇచ్చాడు. ఆ లోపం కోసమే నాకా కెమెరా నచ్చింది.

ఎందుకంటే, అంత చిన్న చంద్రుణ్ణి ఒక్కణ్ణే తీసి లాభం లేదు. కెమెరాను స్టాండు మీద కదలకుండా బిగించి, కొంచెం కొంచెం వ్యవధిలో, ఫిల్ము తిప్పకుండా ఒకే ఫ్రేము మీద మళ్లీ మళ్లీ తీస్తే, చంద్రుడు ఆకాశంలో ఎక్కుతున్న దారంతా ఒక వరసలో పడుతుంది. మామూలు రాత్రి అయితే అది పూసలదండలా ఉంటుంది. గ్రహణం రాత్రయితే ఆ పూసలు ఒకవైపు నుంచి కరుగుతూ పోయి, మధ్యలో మసకబారి, మళ్లీ నిండుతాయి. స్కూలు లైబ్రరీలో ఒక పాత ఇంగ్లీషు పత్రికలో అలాంటి ఫోటో చూశాను. అదే తీయాలని పట్టుకుంది. ఆ యేడు కార్తీక పౌర్ణమి నాడు సంపూర్ణ చంద్రగ్రహణం, అదీ పొద్దుగూకగానే పడుతుందని పంచాంగంలో చూసినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

షావుకారు గారికి ఈ సంగతి చెప్పకుండా ఉండటం కుదరదు, డాబా ఆయనది. చెప్పాను. ఆయన వెంటనే కాదనలేదు. గ్రహణం పూట ఆకాశం కింద నిలబడటం మంచిది కాదన్నారు, మీకు తెలియనిది కాదన్నారు, చివరికి మీ ఇష్టమన్నారు. ఇష్టమన్న తీరులోనే ఇష్టం లేదని తెలుస్తూ ఉంది. కాకపోతే ఆయన మనసు అప్పుడు నా మీద లేదు. దీపావళి వెళ్లిన దగ్గర్నుంచి మామ్మగారు మంచాన పడ్డారు. ముందు జ్వరం, తర్వాత ఆయాసం. డాక్టరు వచ్చి మందులిచ్చి, వయసు మీద పడింది కదా అని వెళ్లారు. పురోహితుడు మరో మాట అన్నాడు. ఈసారి గ్రహణం ఆవిడ జన్మనక్షత్రంలోనే పడుతోంది, విడుపు దాకా గడిస్తే గడిచినట్టు, దానాలు చేయించండి అని. నువ్వులు, వెండి చంద్రబింబం తెచ్చి సిద్ధంగా పెట్టుకున్నారు.

ఆ రోజు మధ్యాహ్నానికే ఇంట్లో వంట ముగించారు. పచ్చళ్ల జాడీల మీద, పాల గిన్నె మీద దర్భలు పెట్టారు. కార్తీక దీపాలు పొద్దుండగానే గడప దగ్గర పెట్టి లోపలికి వెళ్లిపోయారు. సాయంత్రానికి బజారులో కొట్లన్నీ కట్టేశారు. నేను డాబా మీద నాపరాయి బాగా ఆనిన చోటు చూసుకుని స్టాండు నిలబెట్టి, కాళ్లకు మూడువైపులా ఇటుకలు పెట్టాను. క్వారీ లారీలు వీధి చివర నుంచి పోతే డాబా అదురుతుంది, ఆ రోజు అవి కూడా లేవు. ఫిల్ము తిప్పే మర మీద చేయి అలవాటుగా పోతుందేమోనని దెబ్బలకు వేసే ప్లాస్టరు ముక్క అంటించాను. అది ఊడదీస్తే గాని మర తిరగదు.

గ్రహణం పట్టకముందు నిండు చంద్రులు కొన్ని తీశాను. తర్వాత ఎడమ అంచు కొంచెం నల్లబడింది. కింద బావి దగ్గర పట్టుస్నానం నీళ్ల చప్పుడు వినిపించింది. ఆ తర్వాత తలుపులు మూసుకున్నారు. అంతే, ఊళ్లో ఎక్కడా మనిషి అలికిడి లేదు. గడియారం చూసుకోవడం, నొక్కడం, చలికి చేతులు జేబులో పెట్టుకోవడం. చంద్రుడు సగమయ్యాడు, పావయ్యాడు. ఒక్కో దానికీ వెలుతురు ఎంతసేపు ఇవ్వాలో ముందే లెక్క వేసుకున్నాను గనక పని యంత్రంలా సాగిపోయింది. మనసులో ఏ భావమూ లేదు. ఏదన్నా ఉంటే, ఇది చెడకుండా పూర్తి కావాలన్నదొక్కటే.

సన్నటి ముక్క మిగిలినప్పుడు మెట్ల మీద ఎవరో వస్తున్న చప్పుడైంది. షావుకారు గారు. పైమెట్టు మీద ఆగిపోయారు. తల మీద తువ్వాలు కప్పుకుని, దాని అంచు నుదుటి మీదికి లాక్కుని, ఆకాశం కంట పడకుండా నేల చూస్తూ నిలబడ్డారు.

"మాస్టారూ, ఒక్కసారి కిందికి రావాలండి. కెమెరాతో రావాలి," అన్నారు.

అమ్మకు బాగా ఎగశ్వాసగా ఉందన్నారు. ఆవిడకింతవరకు ఒక్క ఫోటో కూడా లేదు. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఏనాడూ ఒప్పుకోలేదట. తన కూతురి పెళ్లిలో కూడా ఫోటో తీసే వేళకు వంటింట్లోకి వెళ్లిపోయిందట. ఇప్పుడు ఒప్పుకుంది. బజారులో ఫోటో స్టూడియో ఆయన దగ్గరికి గుమస్తాను పంపితే, భార్య నెలలు నిండి ఉందని, విడుపు స్నానం అయ్యేదాకా తలుపు కూడా తీయనని లోపల్నుంచే చెప్పి పంపాడు.

నేను వెంటనే సరే అనలేదు. కెమెరా కదిలిస్తే ఇంతసేపూ చేసిందంతా పోతుందని చెప్పాను. విడుపు దాకా ఆగితే నేనే వస్తానన్నాను.

"మా నాన్న పోయేటప్పటికి నాకు నాలుగేళ్లండి," అన్నారు ఆయన. "ఆయన ముఖం ఎలా ఉంటుందో నాకు తెలీదు. అమ్మనడిగితే నీలాగే ఉండేవాడురా అంటది. అద్దంలో చూసుకుంటే నేనే కనపడతాను గాని ఆయనెక్కడ కనపడతాడు."

నేను కెమెరా స్టాండు మీద నుంచి విప్పాను.

కింద వసారాలో మంచం. ఆ వేళ కరెంటు దీపం వెలుగు మరీ తక్కువగా ఉంది. కొట్లో నుంచి పెట్రోమాక్స్ లైటు తెమ్మని, గుమస్తా చేత వెలిగించి ఒక స్టూలు మీద పెట్టించాను. అయినా చాలదు. ఒకటి రెండు సెకన్లపాటు కెమెరా తెర తెరిచి ఉంచాలి, అంతసేపూ మనిషి కదలకూడదు. ఆయాసపడుతున్న మనిషి కదలకుండా ఎలా ఉంటుందని నా అనుమానం.

మామ్మగారు కళ్లు తెరిచి నావైపు చూసింది. ఇంట్లో అంతమందిలో ఆకాశం చూసి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

"ఎంతవరకు పట్టింది?" అని అడిగింది.

"కొంచెమే మిగిలింది మామ్మగారూ."

"అయితే కానీ. పడుకోబెట్టి తీయబాక. పోయినోళ్లకి తీసినట్టుంటది."

కోడలూ కొడుకూ కలిసి లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. వెనక పొగచూరిన గోడ. చీర మార్చమంది. మార్చారు. కోడలు పక్కన నిలబడి భుజం పట్టుకోబోతే వద్దంది. కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించి, నడుం నిటారుగా చేసి, కెమెరా కళ్లలోకి చూసింది. స్టాండు పొట్టి చేసి బిగించాను. ఊపిరి ఒక్క క్షణం పట్టుకోవాలని చెప్పాను. ఎగశ్వాసతో ఉన్న మనిషికి అలా చెప్పటం ఎంత తెలివితక్కువో చెప్పాకే తట్టింది. ఆవిడ మాత్రం పట్టింది. తెర తెరిచాను, మూశాను. ఆ తర్వాత దగ్గు ముంచుకొచ్చింది.

ఇంకొకటి తీయండి, ఎందుకైనా మంచిదన్నారు షావుకారు గారు. ఫిల్ము తిప్పబోతే వేలికి ప్లాస్టరు ముక్క తగిలింది. అప్పుడర్థమైంది. చంద్రుల వరస పడ్డ ఫ్రేము మీదే మామ్మగారిని తీశాను. గ్రహణమూ పోయింది, ఆవిడ ఫోటో కూడా పాడైందనుకున్నాను. ప్లాస్టరు పీకి, ఫిల్ము తిప్పి, మళ్లీ కూర్చోబెట్టమన్నాను. రెండోసారి ఆవిడ వల్ల కాలేదు. తెర తెరిచి ఉండగానే తల పక్కకు వాలింది. ఇక చాలు, పడుకోబెట్టండి అన్నాను.

డాబా మీదికి వెళ్లేసరికి చంద్రుడు పూర్తిగా నీడలోకి వెళ్లిపోయాడు. రాగిచెంబు అడుగులా ఉన్నాడు. చుట్టూ అంతవరకు కనపడని నక్షత్రాలన్నీ కనపడుతున్నాయి. వరస మళ్లీ మొదలుపెట్టటంలో అర్థం లేదు. విడిగా రెండు మూడు తీసి ఊరుకున్నాను. షావుకారు గారు నా వెనకే పైకి వచ్చారని కాసేపటికి గాని చూడలేదు. తువ్వాలు భుజం మీదికి జారిపోయింది. ఈసారి నేల చూడట్లేదు. అంత ఎర్రగా ఉంటుందా అని అడిగారు. అవునన్నాను. భూమి నీడ చంద్రుడి మీద పడటం, మన గాలిలో వంగిన వెలుగు మాత్రం చేరటం, పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. విన్నారో లేదో తెలియదు. కాసేపు నిలబడి, అమ్మ దగ్గరికి వెళ్లాలంటూ దిగిపోయారు.

విడుపు వేళ బావి దగ్గర మళ్లీ నీళ్ల చప్పుడైంది. ఏడుపు వినపడుతుందేమోనని చెవులు రిక్కించి ఉన్నాను. వినపడలేదు. దానం తీసుకున్న బ్రాహ్మడు వెళ్లిపోయాడు. వంటింట్లో పొయ్యి వెలిగించిన వాసన వచ్చింది. పొద్దున నేను దిగేసరికి మామ్మగారు గోడకానుకుని కూర్చుని కోడలు పట్టిన జావ తాగుతోంది. ఉప్పు తక్కువైందని చెబుతోంది.

ఆవిడ కోలుకుంది. ఎందుకు కోలుకుందో డాక్టరు చెప్పలేదు, చెప్పమని ఎవరూ అడగలేదు. మందులు పనిచేసి ఉంటాయి. పురోహితుడు దానాల మహిమ అన్నాడు. వారం తిరిగేసరికి అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

నాకు సొంత చీకటి గది లేదు. స్టూడియో ఆయన దగ్గరే ఫిల్ము కడుక్కునేవాణ్ణి. ఆయన నెగెటివ్‌ను బల్బుకు ఎదురుగా పట్టుకుని, ఏదో పురుగు కొట్టినట్టుందే అన్నాడు. సంగతి చెప్పాను. ఇద్దరం కలిసి ప్రింటు వేశాం. ట్రేలో కాగితం మీద ముందు నల్లటి గోడ, తర్వాత ముఖం, చేతులు, చివరికి చీర మడతలు తేలాయి. నేను ఊహించినంత పాడు కాలేదు. మొదట్లో తీసిన నిండు చంద్రులు తెల్ల చీర మీద పడ్డాయి గనక ఆ తెలుపులో కలిసిపోయాయి. భుజం దాటాక, వెనక గోడ చీకట్లో, కొరుక్కుపోయిన చంద్రులు ఒకదాని తర్వాత ఒకటి పైకి పోతున్నాయి. తల పక్క నుంచి మూల దాకా, చిన్నవై చిన్నవై, చివర గోరుగాటంత గీత. మామ్మగారి ముఖం మాత్రం స్పష్టంగా ఉంది. కనురెప్ప కూడా కదిలినట్టు లేదు. రెండో ఫ్రేములో తల ఉండాల్సిన చోట మసక తప్ప ఏమీ లేదు.

షావుకారు గారు ప్రింటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. ముఖం బాగా వచ్చిందన్నారు. ఆ చుక్కలేమిటని అడిగారు. చెప్పాను. ఆయన రంగు మారింది. అమ్మ పక్కన గ్రహణమా అన్నారు. తీసేయడం కుదురుతుందా అని అడిగారు. అది స్టూడియో ఆయనకు చిటికెలో పని. ఇంకో ప్రింటు వేసి, సన్నటి బ్రష్షుతో, గోడ రంగు ఇంకుతో చంద్రుల్ని ఒక్కొక్కర్నీ మూసేశాడు. వేలితో తడిమినా తెలియనంత శుభ్రంగా. ఆ ప్రింటుకు ఫ్రేము కట్టించి కొట్లో గల్లాపెట్టె వెనక గోడకు తగిలించారు. మొదటి ప్రింటు నా దగ్గర ఉండిపోయింది.

మామ్మగారికి ఈ సంగతి ఎవరు చెప్పారో తెలియదు, గుమస్తా అయి ఉంటాడు. ఒకరోజు నేను స్కూలు నుంచి వస్తుంటే అరుగు మీద నుంచి పిలిచి, చందమామలున్న ఫోటో తెచ్చి చూపించమంది. ఆవిడ బాధపడుతుందేమోనని తటపటాయించాను. తెచ్చేదాకా ఊరుకోలేదు. కళ్లజోడు తెచ్చుకుని, కాగితాన్ని వెలుగులోకి తిప్పి, ముందు తన ముఖాన్ని చూసుకుంది. తన చేతుల్ని చూసుకుంది. ముసలిదాన్నయిపోయానే అంది. తర్వాత గోడ మీద వరస చూసింది.

"ఇదేనా నన్ను తీసుకుపోద్దన్నది?"

అవునన్నాను.

"మరి పోలేదుగా. దీన్నెందుకు చెరిపారంట?"

నేను జవాబు చెప్పేలోపే ఫోటోను కొంగులో పెట్టుకుంది. అది మళ్లీ నాకు రాలేదు. తన ట్రంకుపెట్టెలో అడుగున పెట్టుకుని, ఇంటికి ఎవరొచ్చినా తీసి చూపించేదట. వేలితో గోడ మీది చంద్రుల్ని తాకుతూ, ఇక్కడికొచ్చేసరికి నాకు స్పృహ లేదనో, ఇక్కడ మా అబ్బాయి ఏడుస్తున్నాడనో కథ చెప్పేదట. ఆవిడ చెప్పే కథలో కొన్ని జరగనివి కూడా ఉన్నాయని షావుకారు గారి భార్య నవ్వుతూ నాతో అన్నది. తీసిన రోజు నుంచి ఫోటో అంటే భయం కూడా పోయింది. మనవరాలి పెళ్లిలో అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. తీసింది స్టూడియో ఆయన. తన మొదటి ఫోటోలో ఉన్నట్టు ఇందులో ముఖం లేదని ఆయన్ను సాధించింది.

కొన్నేళ్లకు నాకు నందిగామ బదిలీ అయింది. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. పాత కెమెరా తెర బిగుసుకుపోయి మూలపడింది. ఎనభైల మధ్యలో ఒక సెకండ్‌హ్యాండ్ కెమెరా కొన్నాను. దానికి కూడా ఫిల్ము కదలకుండా తెర మాత్రం ఎక్కించే మీట ఉండేది. ఆ రోజుల్లోనే మళ్లీ ఒక సంపూర్ణ గ్రహణం వచ్చింది. అప్పటికి నందిగామలో గ్రహణం వేళ తలుపులు మూసుకునేవాళ్లు ఉన్నారు, టీవీలో ఏం చెబుతారో చూద్దామనుకునేవాళ్లూ ఉన్నారు. మా ఆవిడ భోజనం మాత్రం ముందే పెట్టేసి, తనూ డాబా మీదికి వచ్చి కూర్చుంది. మబ్బు లేదు. పిలవటానికి ఎవరూ రాలేదు. నిండు చంద్రుడి నుంచి నిండు చంద్రుడి దాకా, మధ్యలో రాగిరంగుతో సహా, వరసంతా ఒకే ఫ్రేము మీద పడింది. రంగుల ఫిల్ము. బెజవాడ ల్యాబులో ఇచ్చేటప్పుడు ఖాళీగా ఉందని వదిలేయొద్దని, చుక్కలుంటాయని రెండుసార్లు చెప్పి వచ్చాను.

ఫోటో బాగా వచ్చింది. పాత పత్రికలో చూసినదానికి ఏమీ తీసిపోదు. ఒకటి పెద్దది చేయించి స్కూల్లో సైన్సు గదికి ఇచ్చాను. ఒక కాపీ తీసుకుని ఆదివారం నాడు జగ్గయ్యపేట బస్సెక్కాను. మామ్మగారికి ఎనభై దాటి ఉంటాయి. ఒక కంటికి శుక్లం తీశారు, రెండోదానికి వద్దంది. షావుకారు గారు గొంతు పెంచి, మాస్టారు వచ్చారమ్మా, మళ్లీ గ్రహణం ఫోటో తీశారంట అని చెప్పారు. ఫోటోను కంటికి బాగా దగ్గరగా పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. నల్లటి ఆకాశం, మెరుస్తున్న వరస.

"బాగుంది," అంది. మళ్లీ ఒకసారి చూసి, "ఇందులో మనిషెవరూ లేరే?" అంది.

లేరన్నాను. ఎవర్నన్నా కూర్చోబెట్టాల్సింది నాయనా అంది. మా ఆవిణ్ణి తీసుకురాలేదేమని, పిల్లలేం చదువుతున్నారని అడిగింది. భోజనం చేసి వెళ్లమంది. ఆ ఇంట్లో పప్పు ఎప్పుడూ బాగుంటుంది. తిని సాయంత్రం బస్సుకు నందిగామ వచ్చేశాను.

మరుసటి యేడు ఎండాకాలంలో ఆవిడ పోయింది. నాకు తెలిసేసరికి కర్మ కూడా అయిపోయింది. ఏదో పనిమీద నందిగామ వచ్చిన షావుకారు గారు బస్టాండులో కనపడి చెప్పారు. ఎక్కువ బాధ పడలేదట, నిద్రలోనే పోయిందట. కొట్లో పటం తీసి ఇంట్లో పెట్టారట. చంద్రులున్న ఫోటోను మామ్మగారి కూతురు అడిగి తీసుకెళ్లిందట. హైదరాబాదులో ఉంటుంది ఆవిడ. ఇద్దరం నిలబడి టీ తాగాం. పత్తి రేట్ల గురించి, మా బదిలీల గురించి మాట్లాడుకున్నాం. ఆయన బస్సు వచ్చింది.